పచ్చకొండల పతనం

డెన్నిస్ పెరాన్ 2018 జనవరి 27న శాన్‌ఫ్రాన్సిస్కోలో కన్నుమూశాడు. ఆ నెల ఒకటో తారీఖునే కాలిఫోర్నియాలో ఇరవై ఒక్కేళ్లు నిండిన ఎవరికైనా గంజాయి అమ్మే లైసెన్సు దుకాణాలు తెరుచుకున్నాయి. ఆ రాష్ట్రంలో గంజాయిని చట్టం గడప దాకా నడిపించినవాడు పెరానే. అయినా ఆ దుకాణాలకు దారితీసిన 2016 నాటి 64వ ప్రతిపాదనను అతను ఒప్పుకోలేదు. దానికి ఓటు వేయవద్దన్నాడు. గంజాయి వాడే ప్రతి మనిషీ ఏదో ఒక బాధకు మందుగానే వాడుతున్నాడని, మందు వేరు, సరదా వేరు అని విడదీయడమే తప్పని అతని వాదన. అప్పట్లో అది ముసలితనపు మొండితనంలా కనిపించి ఉండవచ్చు. తర్వాత నాలుగైదేళ్లలో ఉత్తర కాలిఫోర్నియా కొండల్లో జరిగింది చూశాక ఆ అభ్యంతరాన్ని అంత తేలిగ్గా తీసిపారేయలేం.

నేను చెప్పబోయేది ఆ కొండల్లో పంట వేసి బతికిన రైతుల పతనం గురించి. కానీ పెరాన్‌ను, అతని చుట్టూ ఉన్న రోగులను పక్కనపెట్టి ఆ కథ చెప్పడం అన్యాయం. చట్టం వాళ్ల చావుల మీదుగా వచ్చింది.

పెరాన్ వియత్నాం యుద్ధంలో అమెరికా వైమానిక దళంలో పనిచేశాడు. తిరిగొచ్చేటప్పుడు సంచిలో గంజాయి తెచ్చుకున్నాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాస్ట్రో పేటలో స్థిరపడి అదే అమ్ముకుంటూ బతికాడు. ఎన్నోసార్లు అరెస్టయ్యాడు. 1977లో పోలీసు తుపాకీ గుండు తొడలో దిగింది. అతని దారిని మార్చింది మాత్రం ఎయిడ్స్. 1980లలో ఆ పేటలో పడుచువాళ్లు వరసగా రాలిపోయారు. సరైన మందు లేని కాలం. తిన్నది కడుపులో నిలవక, వాంతులతో, నరాల నొప్పులతో మనుషులు ఎముకల గూళ్లయ్యారు. పెరాన్ సహచరుడు జొనాథన్ వెస్ట్ వాళ్లలో ఒకడు. నాలుగు ముద్దలు సహించేలా చేసింది గంజాయి ఒక్కటే. 1990లో పోలీసులు వాళ్ల ఇంటి మీద పడి నాలుగు ఔన్సుల గంజాయి పట్టుకుని పెరాన్ మీద కేసు పెట్టారు. నిలబడే ఓపిక కూడా లేని వెస్ట్ కోర్టుకు వచ్చి, ఆ సరుకు తనదని, తన జబ్బు కోసమని సాక్ష్యం చెప్పాడు. కేసు కొట్టేశారు. కొద్దిరోజులకే వెస్ట్ పోయాడు. పెరాన్ ఆ దుఃఖాన్ని వీధిలోకి తెచ్చాడు. మరుసటి ఏడాదే శాన్‌ఫ్రాన్సిస్కో ఓటర్లు గంజాయిని మందుగా గుర్తించమంటూ దాదాపు 80 శాతం మద్దతుతో తీర్మానం చేశారు.

అతనికి తోడు మేరీ జేన్ రాత్‌బన్. జీవితమంతా హోటళ్లలో వడ్డన పని చేసిన ముసలమ్మ. ఒక్కగానొక్క కూతురు కారు ప్రమాదంలో పోయింది. గంజాయి కలిపిన చాక్లెట్ బ్రౌనీలు ఇంట్లో చేసి, శాన్‌ఫ్రాన్సిస్కో జనరల్ ఆస్పత్రిలో ఎయిడ్స్ రోగులకు డబ్బు తీసుకోకుండా పంచేది. వాళ్లను తన పిల్లలనేది. 1992లో ఆమెను మరోసారి అరెస్టు చేస్తే, నగర పాలక మండలి ఆగస్టు 25ను బ్రౌనీ మేరీ దినంగా ప్రకటించింది. డెబ్బైకి చేరువైన ఆ తల్లి మీద పెట్టిన కేసును చివరికి ఎత్తేశారు.

పెరాన్ నడిపిన గంజాయి క్లబ్బు మార్కెట్ వీధి 1444 నంబరులోని అయిదంతస్తుల భవనంలో ఉండేది. డాక్టరు చీటీతో వచ్చే వేలమంది రోగులు అక్కడ మందు కొనుక్కునేవాళ్లు, ఒకరి పక్కన ఒకరు కూర్చునేవాళ్లు. ఇంటివాళ్లు వెలివేసిన కుర్రాళ్లకు అదే ఇల్లు. 1996 ఆగస్టు 4, ఆదివారం నాడు రాష్ట్ర అటార్నీ జనరల్ డాన్ లంగ్రెన్ పంపిన ఏజెంట్లు దాడి చేసి దాన్ని మూయించారు. మూడు నెలలకు, నవంబరు 5న, కాలిఫోర్నియా ప్రజలు 215వ ప్రతిపాదనను 55.6 శాతం ఓట్లతో గెలిపించారు. అమెరికాలో గంజాయిని మందుగా అనుమతించిన మొదటి రాష్ట్ర చట్టం అది. చట్టసభ చేసింది కాదు. సంతకాలు పోగుచేసి నేరుగా ప్రజల ఓటుకు పెట్టే పద్ధతిలో వచ్చింది. ఆ సంతకాల కోసం జార్జ్ సోరోస్ వంటి ధనికుల డబ్బూ, వృత్తి ప్రచారకులూ కలిసొచ్చాక పెరాన్‌ను కాస్త వెనక్కి జరిపారు. గెలుపు గుమ్మంలోనే మొదలైన ఆ చిన్న అవమానం నాకు ఈ కథలో తొలి అపశకునంలా తోస్తుంది.

ఆ చట్టం రోగికి పెంచుకునే, వాడుకునే హక్కు ఇచ్చింది. ఎవరు పండించి ఎవరు అమ్మాలో చెప్పలేదు. ఆ ఖాళీలోనే ఇరవై ఏళ్లు కొండలు బతికాయి.

శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరంగా పోతే రెడ్‌వుడ్ మహావృక్షాల సీమ వస్తుంది. హంబోల్ట్, మెండొసీనో, ట్రినిటీ అనే మూడు కౌంటీలు. పచ్చల త్రికోణం అని పేరు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కలప కంపెనీలు అక్కడి అడవిని నరికేసి, మోడుబారిన కొండవాలును ముక్కలుగా అగ్గువకు అమ్మేశాయి. 1960ల చివర, 70ల మొదట్లో నగరాల మీద, యుద్ధం మీద విరక్తి పుట్టిన యువత అక్కడికి చేరింది. కరెంటు లేదు, రోడ్డు లేదు. ఊటనీరు పైపు వేసి ఇంటికి తెచ్చుకున్నారు. కూరగాయల మడిలో నాలుగు గంజాయి మొక్కలు వేసుకున్నారు, తమ కోసమే. మగ మొక్కలను ముందే పీకేస్తే ఆడ మొక్కలు గింజ కట్టవని, జిగురు నిండిన మొగ్గలు వేస్తాయని నేర్చుకున్నారు. అదే సమయంలో మెక్సికో గంజాయి తోటల మీద అమెరికా సాయంతో పారాక్వాట్ విషం చల్లారు. నగరాల్లో వాడేవాళ్లు భయపడి స్వదేశీ సరుకు కోసం వెతికారు. కొండల్లో నాలుగు మొక్కలు నలభై అయ్యాయి.

ఒకవైపు కలప మిల్లులు మూతపడుతున్నాయి, నదుల్లో సాల్మన్ చేప తగ్గిపోతోంది. గార్బర్‌విల్, రెడ్‌వే వంటి చిన్న ఊళ్లను ఆ పంటే నిలబెట్టింది. ఆ డబ్బుతో బడులు నడిచాయి, వాలంటీర్ల అగ్నిమాపక దళాలు నడిచాయి, పల్లె ఆస్పత్రి నడిచింది. 1987లో కేఎంయూడీ అనే ప్రజా రేడియో పుట్టింది. పోలీసు వాహనాల వరస ఏ దారిన పోతోందో కూడా ఆ రేడియో చెప్పేది. ఎందుకంటే 1983 నుంచి ప్రతి ఏటా పంట చేతికొచ్చే వేళకు హెలికాప్టర్లు వచ్చేవి. రాష్ట్ర, కేంద్ర పోలీసులు కలిసి నడిపిన కాంప్ అనే దండయాత్ర అది. తుపాకులతో తాళ్ల మీద దిగి మొక్కలు నరికి, వలల్లో కట్టి ఎగరేసుకుపోయేవాళ్లు. 1990 వేసవిలో ఏకంగా సైనికులనే దింపారు. పిల్లలు హెలికాప్టరు చప్పుడుకు మంచాల కింద దూరే ఇళ్లలో పెరిగారు. బడిలో నాన్న ఏం పని చేస్తాడని అడిగితే ఏం చెప్పాలో ముందే నేర్పించి పంపేవాళ్లు. ఎంతోమంది జైళ్లకు పోయారు, భూములు జప్తయ్యాయి. ఆ కాలంలో పౌండు మొగ్గ, అంటే అరకిలోకి కాస్త తక్కువ, నాలుగైదు వేల డాలర్లు పలికేది. ఆ ధర పంటది మాత్రమే కాదు, ప్రమాదానిది.

వాళ్లందరూ సాధువులని నేను చెప్పను. 1996 తర్వాత, ముఖ్యంగా 2000ల చివర, డబ్బు వాసన పట్టి ఎక్కడెక్కడివాళ్లో కొండలెక్కారు. అక్కడ వేసవిలో వాన పడదు. సరిగ్గా ఆ నెలల్లోనే వాగుల్లోంచి నీళ్లు తోడి మొక్కలకు పెట్టారు. ఈల్ నది ఉపవాగులు ఎండి సాల్మన్ పిల్లలు చనిపోయాయి. ఎలుకల మందు తిని అడవి జంతువులు చచ్చాయి. హత్యలు జరిగాయి, మనుషులు మాయమయ్యారు. తోటలకు ఒక కట్టడి కావాలని పాత రైతులే కోరుకున్నారు. చీకట్లో బతికినవాడికి వెలుగులోకి రావాలని ఉండదా? భయమూ లేకపోలేదు. 2010లో గంజాయిని పెద్దలకు అనుమతించాలన్న 19వ ప్రతిపాదన ఓడిపోయినప్పుడు ఈ మూడు కౌంటీలూ వ్యతిరేకంగానే ఓటేశాయి.

2016లో 64వ ప్రతిపాదన వచ్చింది. ఈసారి అందులో చిన్నరైతు కోసం ఒక మాట ఉంది. ఎకరం దాటిన తోటకు 2023 జనవరి 1 దాకా లైసెన్సు ఇవ్వకూడదు. చట్టబద్ధమైన అమ్మకాలు 2018లో మొదలవుతాయి గనుక, నిలదొక్కుకోవడానికి ఐదేళ్ల వ్యవధి. ఆ మాట నమ్మి కొండవాళ్లు చాలామంది ముందుకొచ్చారు. నవంబరు 8న ప్రతిపాదన 57 శాతంతో గెలిచింది.

ఏడాది తిరిగింది. 2017 నవంబరులో రాష్ట్ర వ్యవసాయ శాఖ అత్యవసర నిబంధనలు విడుదల చేసింది. పది వేల చదరపు అడుగులు, అంటే మన లెక్కలో సుమారు 23 సెంట్లు, చిన్న తోట. దానికి ఒక లైసెన్సు. ఒక మనిషి ఇలాంటి లైసెన్సులు ఎన్ని తీసుకోవచ్చో ఆ నిబంధనల్లో పరిమితి లేదు. డబ్బున్నవాడు పది తీసుకోవచ్చు, వంద తీసుకోవచ్చు, పక్కపక్కనే పెట్టుకోవచ్చు. ఐదేళ్ల కంచె అక్షరం మారకుండానే కూలిపోయింది. చిన్నరైతుల సంఘం 2018 మొదట్లో కోర్టుకు వెళ్లింది. ఆ దావా చివరిదాకా నడవలేదు. ఆ సంఘమూ నిలవలేదు.

ఆ సందులోంచి పెద్ద పెట్టుబడి దూరిన చోట్లలో శాంటా బార్బరా కౌంటీ ఒకటి. అక్కడి కార్పింటెరియాలో పూలతోటల గాజు గదులు ఉండేవి. 1990లలో దక్షిణ అమెరికా నుంచి చవక పూలు సుంకం లేకుండా దిగుమతై ఆ పూలరైతుల నడ్డి విరిచాయి. ఆ గాజు గదులే ఇప్పుడు గంజాయి తోటలయ్యాయి. చదును నేల, పట్టణం దగ్గర, ఏడాదికి ఎన్నో కోతలు. కొండరైతుకు ఎండను నమ్ముకుని ఏటికి ఒక్క పంట.

ఇక ఆ ఒక్క పంటకు అతను పెట్టుకోవలసిన ఖర్చు చూడండి. చట్టంలోకి రావాలంటే కౌంటీ పర్మిట్, రాష్ట్ర లైసెన్సు, జలమండలి నమోదు, వాగు దాటే ప్రతి కల్వర్టుకూ మత్స్య, వన్యప్రాణి శాఖతో ఒప్పందం. కొండదారిని ఇంజనీరుతో కొలిపించి బాగుచేయించాలి. వేసవిలో వాగు నీరు ముట్టకూడదు కాబట్టి శీతకాలపు నీటిని నిల్వచేసే ట్యాంకులో, కుంటో కట్టుకోవాలి. ప్రతి మొక్కకూ ప్లాస్టిక్ చీటీ కట్టి కంప్యూటర్లో ఎక్కించాలి. వీటిలో చాలావరకు వాగుల కోసం, చేపల కోసం, న్యాయమైనవే. కానీ ఎకరాలకెకరాలు వేసే పెట్టుబడిదారుకూ, 23 సెంట్ల ముసలి రైతుకూ ఒకే కాగితాల కట్ట ఇచ్చారు. దాచుకున్నదంతా అందులో పోసినవాళ్లున్నారు, భూమి తాకట్టు పెట్టినవాళ్లున్నారు.

ఆపైన పన్ను. ఎండిన మొగ్గ ఔన్సుకు 9.25 డాలర్ల సాగు పన్ను, పౌండుకు 148 డాలర్లు. ధరతో నిమిత్తం లేదు, బరువు మీద పన్ను. సరుకు ధర తగ్గినా, ద్రవ్యోల్బణం పేరిట పన్ను పెరిగి 2022 నాటికి పౌండుకు 161 డాలర్లయింది. హంబోల్ట్ కౌంటీ ఆరుబయట తోటకు చదరపు అడుగుకు డాలరు చొప్పున మరో పన్ను వేసింది. 23 సెంట్లకు ఏటా పది వేల డాలర్లు. దుకాణంలో కొనేవాడి మీద 15 శాతం ఎక్సైజు, దాని మీద అమ్మకపు పన్ను. అమ్ముకోవడానికి దుకాణాలైనా ఉన్నాయా అంటే, రాష్ట్రంలో సగానికి పైగా నగరాలు, కౌంటీలు దుకాణాలనే నిషేధించాయి. చట్టబద్ధమైన సరుకు ఖరీదు పెరిగింది, దొంగచాటు సరుకు పక్క వీధిలో చవకగా దొరికింది. కొనేవాళ్లు ఎటు పోతారు?

2021 కోతల నాటికి ఆరుబయట పండిన మొగ్గ ధర పౌండుకు మూడు నాలుగు వందల డాలర్లకు పడిపోయింది. ఏడాది క్రితం వెయ్యి డాలర్ల పైమాట. మూడు వందలు వస్తే అందులో సగానికి పైగా రాష్ట్రానికి పన్నే. కూలి, ఎరువు, రవాణా, దళారీ వాటా పోతే రైతు చేతికి ఏమీ రాదు. దళారులు అరువుకు సరుకు తీసుకుపోయి డబ్బు ఇవ్వని కథలు కొండంతా విన్నది.

పంట ఎక్కువై ధర కూలడం మన రైతుకు తెలియని బాధ కాదు. మదనపల్లెలో టమాటా రోడ్డున పోసిన రోజులు చూశాం. అయితే మదనపల్లె లారీ చెన్నై పోవచ్చు, బెంగళూరు పోవచ్చు. హంబోల్ట్ సరుకు కాలిఫోర్నియా సరిహద్దు దాటితే కేంద్ర నేరం. 1970 నాటి కేంద్ర చట్టం గంజాయిని హెరాయిన్‌తో కలిపి మొదటి షెడ్యూలులో పెట్టింది. సుప్రీంకోర్టు 2005లో రేచ్ కేసులో, తన పెరట్లో తన జబ్బుకు పెంచుకున్న మొక్క మీద కూడా కేంద్రానికి అధికారం ఉందని ఆరుగురు, ముగ్గురుగా చీలి తీర్పు చెప్పింది. దీని ఫలితాలు కొండరైతు రోజూ అనుభవించాడు. పెద్ద బ్యాంకులు ఖాతా ఇవ్వవు. పంటల బీమా లేదు. మామూలు వ్యాపారికి ఉండే ఖర్చుల మినహాయింపు కేంద్ర ఆదాయపన్నులో లేదు. ఆఖరికి దివాలా తీద్దామన్నా కేంద్ర దివాలా కోర్టు గుమ్మం ఎక్కనివ్వదు. అప్పులపాలైన ఏ రైతుకైనా మిగిలే చివరి తలుపు అది. అక్కడున్న మన తెలుగువాళ్లకూ ఇందులో ఒక హెచ్చరిక ఉంది. గ్రీన్ కార్డు మీద ఉన్నవారు రాష్ట్రం అనుమతించిన దుకాణంలో గంజాయి కొన్నా, అలాంటి కంపెనీలో ఉద్యోగం చేసినా పౌరసత్వానికి అడ్డు రావచ్చని ఇమిగ్రేషన్ శాఖ 2019 ఏప్రిల్‌లో రాతపూర్వకంగా స్పష్టం చేసింది.

చట్టంలోకి రాని రైతులనూ వదల్లేదు. కౌంటీ ఉపగ్రహ చిత్రాలు చూసి నోటీసులు పంపింది. రోజుకు పది వేల డాలర్ల దాకా జరిమానా. ఒకప్పుడు హెలికాప్టరుకు భయపడిన ఇంటికి ఇప్పుడు ఉత్తరం వచ్చింది.

2022 వచ్చేసరికి గార్బర్‌విల్ వీధిలో అంగళ్లు మూతపడుతున్నాయి. శరదృతువులో మొగ్గలు కత్తిరించే పనికి దేశదేశాల నుంచి వచ్చే కుర్రకారు రావడం మానేసింది. భూముల ధరలు పడ్డాయి, కొనేవాడు లేడు. అప్పుడు కౌంటీ తన పన్నులో 85 శాతం తగ్గించింది, తర్వాత రెండేళ్లు పూర్తిగా ఆపేసింది. రాష్ట్రం ఆ ఏడాది జులై 1 నుంచి సాగు పన్ను ఎత్తేసింది. నాలుగున్నరేళ్లు పట్టింది. అప్పటికే ఎంతోమంది ఆ ఏడాది మొక్క వేయలేదు. నలభై, యాభై ఏళ్లు ఎండకూ నేలకూ తగినట్టు ఎంచి ఎంచి నిలబెట్టుకున్న విత్తనాలు డబ్బాల్లో ఉండిపోయాయి. జైలును, జప్తును, హెలికాప్టరును తట్టుకున్న మనుషులు లైసెన్సును తట్టుకోలేకపోయారు. ఇది తలచుకుంటే నాకు కోపం కన్నా దుఃఖమే ఎక్కువ కలుగుతుంది.

రోగుల సంగతి మరీ ఘోరం. పేద రోగులకు ఉచితంగా గంజాయి ఇచ్చే సంఘాలు మేరీ కాలం నుంచీ ఉన్నాయి. 2018లో కొత్త పన్నులు ఆ దానం మీదా పడ్డాయి. పైసా తీసుకోకుండా ఇచ్చే సరుకుకు కూడా పన్ను కట్టాలి. ఆ భారం మోయలేక అలాంటి సంఘాలు చాలా ఆగిపోయాయి. క్యాన్సర్‌తో, ఎయిడ్స్‌తో మంచంలో ఉన్నవాళ్ల కోసం పుట్టిన ఉద్యమం గెలిచి, ముందు వాళ్ల చేతిలోదే లాక్కుంది. దాన్ని సరిదిద్దే బిల్లు 2018లోనే చట్టసభ ఆమోదించినా గవర్నర్ జెర్రీ బ్రౌన్ తిప్పికొట్టాడు. 2019 అక్టోబరులో గవర్నర్ గావిన్ న్యూసమ్ సంతకం చేశాక గాని ఉచిత మందుకు పన్ను తప్పలేదు. ఆ చట్టానికి డెన్నిస్ పెరాన్, బ్రౌనీ మేరీ పేర్లు పెట్టారు. మేరీ చనిపోయి అప్పటికి ఇరవై ఏళ్లు, పెరాన్ చనిపోయి ఏడాదిన్నర దాటింది.

కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాలు 2012లో దారి తీశాక ఇప్పటికి 24 రాష్ట్రాలు పెద్దలకు గంజాయిని అనుమతించాయి. అనుమతించాలా వద్దా అనే వాదన ఇంకా నడుస్తుంది, నడవనీయండి. గంజాయి హానిలేనిదని నేను అనను, ముఖ్యంగా పడుచు పిల్లల విషయంలో. అయితే ఒక పంట చుట్టూ యాభై ఏళ్లుగా అల్లుకున్న పల్లెలను చట్టంలోకి రమ్మని పిలిచినప్పుడు, పిలిచినవాడికి ఒక బాధ్యత ఉంటుంది. హంబోల్ట్ రైతును చంపింది మార్కెట్ అని కొందరంటారు. మార్కెట్‌కు ఆ గేటు తెరిచింది 2017 నవంబరు నిబంధనలు. ప్రజలు ఓటేసి ఆమోదించిన ఐదేళ్ల గడువును నిలబెట్టడానికి ప్రభుత్వానికి అదనంగా ఒక్క డాలరు ఖర్చయ్యేది కాదు. ఒకరికి ఇన్ని లైసెన్సులే అని ఒక్క వాక్యం రాస్తే చాలు. అది రాయలేదు. ఆ గడువు 2023 జనవరి 1న కాగితం మీద కూడా ముగిసింది. ఆ రోజు నుంచి ఎకరం దాటిన తోటలకు కాలిఫోర్నియా నేరుగానే లైసెన్సులు ఇస్తోంది.